ఐదున్నర గంటల తప్పు

మసీదు మైకులో ఆ పేరు చదివినప్పుడు నేను కాలేజీకి పోవడానికి జడ వేసుకుంటున్నాను. ఎవరో పెద్దాయన పోయినట్టున్నాడు అనుకున్నాను. ‘పలకల షెడ్డు’ అన్న మాట వినపడ్డాక గాని నా చేతులు ఆగలేదు. నలభై ఏళ్లుగా మా గోడకు ఆనుకుని ఉన్న ఇంటి మనిషికి అంత పొడుగాటి పేరు ఉందని నాకు ఆ రోజే తెలిసింది. మాకు ఆయన మామ. మా నాయనకు బావ. వాళ్లది దూదేకుల కుటుంబం, మాది కాదు. అయినా వరస కలిసింది. ఎట్లా కలిసిందో మార్కాపురంలో మా వీధిలో ఎవరూ అడగలేదు.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. ఉన్నాయి, చాలా ఉన్నాయి. కానీ వాటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. అది దాచి మిగతావి రాస్తే ఈ కాగితం కూడా ఇంకో అబద్ధం అవుతుంది. మా వీధి బడి పిల్లల్ని దగ్గిస్తున్న దుమ్ము మామ షెడ్డు నుంచే వస్తోందని లెక్క కట్టి చెప్పింది నేను. ఆ లెక్క తప్పు. తప్పని నాకు తెలిశాక ఆయన మూడు నెలలు బతికి ఉన్నాడు. నేను చెప్పలేదు.

మామ వాళ్ల నాయన కంభం చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి దూది ఏకేవాడు. పెళ్లిళ్ల కాలంలో పరుపులు, చలికాలం ముందు బొంతలు. భుజాన ఇంత పొడుగు విల్లు, వెనకాల కొడుకు. ఏకే ముందు వాకిట్లో నిలబడి చిటికెడు దూది గాల్లోకి వదలడం చిన్నప్పుడు మామ పని. అది ఎటు కొట్టుకుపోతే అటువైపు పాత చీర అడ్డం కట్టేవాళ్లు. లేకపోతే ఏకిన దూదంతా ఊరిపాలు.

“ఒకసారి నేను గాలి తప్పు చెప్పినా పాపా. పెళ్లికూతురి పరుపు దూది సగం గొర్రెల దొడ్లో పడింది. ఏది గొర్రెనో ఏది దూదినో తెలీక మా నాయన రెంటినీ కలిపి తిట్టినాడు” అని చెప్పేవాడు. ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ గొర్రెలు పెరిగేవి.

విల్లు కాలం పోయింది. మామ మార్కాపురం వచ్చి పలకల పనిలో కూలీగా చేరి, చివరికి సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. రాయి కోసే మిషన్ ఒకటి, అంచులు అరగదీసే మిషన్ ఒకటి, చెక్క చట్రాలు బిగించే నలుగురు ఆడవాళ్లు. పలకల ఊర్లో పుట్టిన దాన్ని కాబట్టి షెడ్లు చాలా చూశాను. మామ షెడ్డులో ఉన్నది వేరే ఎక్కడా చూడలేదు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ కాస్త దూది ఉండేది. గంటకోసారి బయటికి వచ్చి చిటికెడు తీసి వదిలేవాడు. అది పోయే దారిని చేత్తో నీడ పట్టుకుని చూసేవాడు. ఒక్కోసారి ఏమీ అనకుండా లోపలికి పోయేవాడు. ఒక్కోసారి, “లేయండి లేయండి, గాలి తిరిగింది” అని కేకేసేవాడు. ఆడవాళ్లు గొణుక్కుంటూ లేచి, కూర్చున్న గోతాలు ఎత్తుకుని రెండో పక్కకు మారేవాళ్లు. గాలి వీపుకు తగలాలి, పొడి ముందుకు కొట్టుకుపోవాలి. అదీ లెక్క.

“ఈ మామ కాడ పలకలు చేసేదానికంటే గోతాలు మోసేదే ఎక్కువైంది” అని కాశమ్మక్క ఎత్తిపొడిచేది. అందరిలో పెద్ద నోరు ఆమెది.

“వీపు గాలికియ్యి, ముక్కు నీ దగ్గర పెట్టుకో. తర్వాత మోసినా మోయకపోయినా నీ ఇష్టం” అనేవాడు మామ.

ఆయన మాత్రం మిషన్ దగ్గరే నిలబడేవాడు. గాలి ఎటు తిరిగినా అక్కడే. నువ్వు కూడా మారొచ్చు కదా మామా అని ఒకసారి అడిగాను. “నాకు కాళ్లున్నాయి గానీ మిషన్‌కు లేవు కదా పాపా” అన్నాడు.

నాకు అంకెలు వచ్చింది ఆయన ఇచ్చిన పగుళ్ల పలకల మీదే. మూల విరిగినవి, గీత పడినవి అమ్మకానికి పనికిరావు, మా వీధి పిల్లలందరికీ అవే. తిరుపతిలో నాకు ఎమ్మెస్సీ సీటు వచ్చినప్పుడు రైలు దగ్గరికి వచ్చి కొత్త పలక ఒకటి చేతిలో పెట్టాడు. “యూనివర్సిటీలో ఇస్తారో ఇయ్యరో” అన్నాడు. నాయన పడీపడీ నవ్వాడు. మామ నవ్వలేదు. నిజంగానే అన్నాడో, వెక్కిరించాడో ఇప్పటికీ తేల్చుకోలేను.

గాలి కనపడదు కదా, ఎటుందో నీకెట్లా తెలుస్తుంది అని ఏడేళ్ల వయసులో ఆయన్ను అడిగానట. “అది కనపడదు పాపా. అది మోసేది కనపడతది” అన్నాడట. ఈ మాట నాకు గుర్తులేదు, అమ్మ చెప్పింది. ఇప్పుడు నేను డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఆ ఒక్క వాక్యం కంటే బాగా నేనింతవరకు ఏ పాఠమూ మొదలుపెట్టలేదు.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

మా వీధి బడికి పడమర, రెండు సందుల అవతల మామ షెడ్డు. బడికి తూర్పున, రోడ్డు దాటితే, రాతిపొడి గుట్ట. పలకల పనిలో మిగిలిన పొడినంతా అక్కడ పోస్తారు. పొద్దున్నే దాన్ని ఎత్తి లారీల్లో నింపుతారు. ఆ గుట్ట ఎవరిదో మా వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ పేరెత్తరు. నేను కూడా ఎత్తడం లేదని మీరు గమనించే ఉంటారు.

నిరుడు వేసవికి ముందు బడి హెడ్మిస్ట్రెస్ నా దగ్గరికి వచ్చింది. పిల్లలు ఊరికే దగ్గుతున్నారు, బెంచీల మీద పొడి పేరుకుంటోంది, ఎక్కడి నుంచి వస్తోందో మీ కాలేజీ వాళ్లు చూడగలరా అని అడిగింది. నాకు ఉత్సాహం వచ్చింది. ఇంతకాలం పుస్తకంలో చెప్పింది చేసి చూపించే పని దొరికింది. నేనూ నా విద్యార్థులూ టిఫిను డబ్బా అంత యంత్రం ఒకటి బడి మిద్దె మీద పెట్టాం. గాలిలో దుమ్ము ఎంతుందో అది గంటగంటకూ రాసుకుంటుంది. గాలి దిక్కు కొలిచే పరికరం మా దగ్గర లేదు. అది ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతుంది, ఏ ఊరికైనా, ఏ గంటకైనా. దించుకున్నాం.

మిగతాది సులువు. రెండింటినీ పక్కపక్కన పెట్టాలి. దుమ్ము ఎక్కువున్న గంటలో గాలి ఎటు నుంచి వచ్చింది? అట్లాంటి గంటలన్నీ కూడితే గుండ్రటి బొమ్మ ఒకటి వస్తుంది, రేకులున్న పువ్వులాగా. ఏ వైపు రేకు పొడుగ్గా ఉంటే దుమ్ము ఆ వైపు నుంచి వస్తున్నట్టు. మా పిల్లలు దానికి గాలిపువ్వు అని పేరు పెట్టారు. బడి దగ్గర దుమ్ము పొద్దున ఎనిమిది నుంచి పది లోపల బాగా లేస్తోంది. ఆ గంటల గాలిపువ్వు గీస్తే పడమటి రేకు ఒక్కటే బారెడు సాగింది. మిగతా వైపులన్నీ మొగ్గలు.

జవాబు అంత స్పష్టంగా రావడం చూసి నాకు సంతోషం వేసింది. ఆ రేకు ఎవరి షెడ్డు వైపు చూపిస్తోందో తట్టింది ఆ తర్వాతే. ముందు సంతోషం వేసింది, అదీ వరస.

బడికి ఇచ్చే ముందు ఆయనకే చూపించాలనుకున్నాను. అది న్యాయం అనుకున్నాను. కాలేజీ అయ్యాక, మూడింటప్పుడు, కాగితం పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. మిషన్ ఆపి, కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు.

“ఏంది పాపా ఇది, ముగ్గా?”

“గాలి మామా. పొద్దున బడికాడ దుమ్ము ఎటు నుంచి వస్తుందో చూపిస్తది.”

కాగితాన్ని అటూ ఇటూ తిప్పి దిక్కులు సరిచూసుకున్నాడు. పొడుగు రేకు మీద వేలు పెట్టాడు. “ఇటు మేమే కదా ఉండేది.”

“అవును మామా.”

మామ బయటికి వచ్చి జేబులోంచి దూది తీసి వదిలాడు. అది తూర్పుగా, బడి వైపుకే కొట్టుకుపోయింది. నాకు అదే సాక్ష్యం అనిపించింది. “చూడు మామా, బడి మీదికే పోతాంది” అన్నాను.

“ఇది మూడు గంటల గాలి పాపా. నువ్వు చెప్పేది పొద్దుటి సంగతి. పొద్దున గాలి బడికాడి నుంచి మా కాడికి వస్తది. మా కాడి నుంచి బడికి పోదు.” తర్వాత రొమ్ము మీద అరచేత్తో తట్టుకున్నాడు. “మా దుమ్ము ఎక్కడుందో నాకు తెలుసు. ఇదిగో, ఈడుంది. మీ బడిలో లేదు.”

“రాసిపెట్టినవి ఏమన్నా ఉన్నాయా మామా, ఏ పూట ఏ గాలో?”

“రోజూ రాస్తా గదా. పలక మీద.”

“అవి ఏవీ?”

“సాయంత్రం తుడిచేస్తా.”

ఆడవాళ్లు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ల నవ్వు వేరు, వాళ్లు మామను చూసి నవ్వుకునే హక్కున్న వాళ్లు. నా నవ్వు చదువుకున్న దాని నవ్వు. “నా దగ్గర రెండు నెలలది ఉంది మామా, గంటగంటకూ” అన్నాను.

ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. “అట్లనా” అన్నాడు. “చదువుకున్నదానివి. నువ్వు లెక్కేసినావంటే అయ్యుంటదిలే.”

కాశమ్మక్క గోతం మీద నుంచి లేచింది. “ఏంది మామా, ఏంది అయ్యుండేది? పొద్దున ఆ గుట్ట పొడి మన కండ్లల్లో పడేది నీకు తెలీదా?”

“ఊరుకోయే. పాప చూసుకోకుండా చెప్తదా” అన్నాడు మామ.

ఆ మాట రోజూ వినిపిస్తుంది నాకు. ఒక్క పొద్దున, ఒకే ఒక్క పొద్దున ఎనిమిదింటికి ఆ బడి వాకిట్లో నిలబడి ఉంటే చాలు. చిటికెడు దూది కూడా అక్కర్లేదు, చీరకొంగు చెప్పేది. ఎనిమిదింటికి నేను వంటింట్లో ఉంటాను. ఆ తర్వాత స్కూటర్ మీద బడి ముందు నుంచే పోతాను, గంట కొట్టకముందే చేరాలన్న తొందరలో. ఊరి గాలి గురించి రెండు నెలలు పని చేసి, ఊర్లో గాలికి ఒక్క పూట నిలబడలేదు.

హెడ్మిస్ట్రెస్ ఆ బొమ్మను అర్జీకి జతచేసింది. వీధి వాళ్లు సంతకాలు పెట్టారు. కాలుష్య నియంత్రణ ఆఫీసు వాళ్లు వచ్చి చూశారు. షెడ్డులో దుమ్ము పట్టే ఏర్పాటేమీ లేదన్నారు. అది నిజమే, లేదు. మూసేయమని తలుపు మీద నోటీసు అతికించి పోయారు. నేను గాలిపువ్వు పట్టుకుని నిలబడిన ఫొటో ఒకటి పేపర్లో వచ్చింది. కత్తిరించి దాచుకున్నాను. ఇప్పటికీ బీరువాలోనే ఉంది. చించేస్తే ఏదో తప్పించుకున్నట్టు ఉంటుందని చించలేదు.

నలుగురు ఆడవాళ్లలో ఇద్దరు ఇళ్లకే పరిమితమయ్యారు. కాశమ్మక్కా ఇంకొకామె తూర్పు గుట్ట దగ్గర లారీలకు పొడి ఎత్తే పనికి పోయారు. గాలి తిరిగిందని కేకేసే మనిషి అక్కడ లేడు.

మామ నన్ను ఒక్క మాట అనలేదు. పండగకు ఎప్పటిలాగే అత్త చేత సేమ్యా పంపించాడు. అరుగు మీద కూర్చుని దగ్గుతూ, వచ్చేపోయే వాళ్లను పలకరిస్తూ ఉండేవాడు. చొక్కా జేబు మాత్రం చదునుగా కనపడేది. ఒకరోజు మిద్దె మీద బట్టలు ఆరేస్తూ, ఎప్పుడూ అడిగినట్టే పైనుంచి అడిగాను: “మామా, గాలి ఎటుంది?”

“నన్నెందుకు అడుగుతావు పాపా, నీ ఫోన్లో వస్తది కదా” అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. అదే నన్ను కలవరపెట్టింది. నిజంగానే, ఇక ఆ సంగతి ఆయనది కాదన్నట్టుగా అన్నాడు. ఒక మనిషి దగ్గర పని తీసేసుకోవడం ఒకటి, ఆయన కంటిని తీసేసుకోవడం ఇంకొకటి. నేను రెండూ చేశాననుకున్నాను. అప్పటికి నా లెక్క మీద నాకు ఇంకా నమ్మకమే. అయినా బాధ వేసింది.

వానలు వెనకపట్టాక, నవంబర్లో, కొత్త బ్యాచ్ పిల్లలకు ల్యాబ్‌లో అదే ఫైలు ఇచ్చాను. అందులో గాలితో పాటు ఎండ వేడి కూడా గంటగంటకూ ఉంటుంది. దాన్ని గ్రాఫ్ గీయమన్నాను. చంద్రశేఖరపురం వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకతి, రెండో వరసలో కూర్చుంటుంది, చెయ్యెత్తింది.

“మేడం, మార్కాపురంలో ఎండ పొద్దున తొమ్మిదింటికే దంచుతదా?”

“అందుకే ప్రిన్సిపాల్ సారు తొమ్మిదింటికే గొడుగేసుకొస్తాడు” అని వెనక నుంచి ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వుతూ ఆ పిల్ల గ్రాఫ్ చూశాను.

రోజూ తొమ్మిదింటికే ఎండ పైకెక్కి కూర్చుంది. ఒక రోజు కాదు, ప్రతి రోజూ. సాయంత్రం నాలుగింటికల్లా రాత్రంత చల్లబడుతోంది.

మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఆ ఫైల్లో గంటలు మన గంటలు కావు. ప్రపంచమంతటికీ ఒకటే లెక్కగా పెట్టుకున్న సమయం అది, మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. అందులో తొమ్మిది అంటే మనకు మధ్యాహ్నం రెండున్నర. బడి మీద పెట్టిన యంత్రానికి మాత్రం మా పిల్లలు మన టైమే పెట్టారు. నేను పొద్దుటి దుమ్మును మధ్యాహ్నపు గాలికి ముడిపెట్టాను. ఈ ఐదున్నర గంటల సంగతి నాకు తెలియక కాదు, నేను ఏటా పాఠం చెప్పేదే. ఫైలు పైన ఒక మూల రాసి కూడా ఉంది. చూడలేదు.

ఆ సాయంత్రం గంటలు సరిచేసి మళ్లీ గీశాను. పడమటి రేకు ముడుచుకుపోయింది. తూర్పు రేకు లేచింది. పొద్దున గాలి బడి దగ్గర నుంచి మా కాడికి వస్తది అన్న మనిషి గోడ అవతల దగ్గుతున్నాడు. నాకు వినపడుతోంది.

నాకు అనుమానం పుట్టుకతో వచ్చింది. గ్యాస్ కట్టేశానా అని రెండుసార్లు చూస్తాను. మార్కులు కూడి మూడుసార్లు సరిచూస్తాను. మామ షెడ్డును పట్టించిన లెక్కను మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. అది తప్పని తేల్చిన లెక్కను మాత్రం మూడు నెలలు అనుమానించాను. ఇంకో నెల కొలతలు రానీ అనుకున్నాను. ఆయన షెడ్డు వాటా కొంతైనా ఉండకపోతుందా అనుకున్నాను. గిద్దలూరులో ఉండే ఆయన అల్లుడు ఒకసారి వచ్చినప్పుడు, “మూతపడిందే మేలైందిలే అక్కా, ఆ దుమ్ములోనే ఉంటే ఎప్పుడో పోయేవాడు” అన్నాడు. ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. అది నిజం కూడా కావచ్చు, నాకు తెలియదు. నాకు అక్కరకొచ్చింది, అంతవరకు తెలుసు.

డిసెంబర్లో ఒకరోజు కొత్త బొమ్మ మడిచి బ్యాగులో పెట్టుకుని వాళ్లింటికి పోయాను. అప్పటికి ఆయన మంచం దిగడం లేదు. పక్కన ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటోంది.

“దీన్ని చూడు పాపా” అన్నాడు. “రాయి కోయదు, చెక్క కోయదు. పొద్దస్తమానం మొత్తుకుంటది.”

అత్త టీ తెచ్చింది. ఆయన సాసర్లో పోసుకుని ఊదుకుంటూ నా వంక చూశాడు. “ఏమన్నా చెప్పాలనా?”

“లేదు మామా. ఊరికే వచ్చినా.”

“ఊరికే వచ్చే మనిషివి కాదే” అని నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేలోపల నేను లేచాను.

జనవరిలో మళ్లీ పోయాను. ఈసారి నోరు తెరిచాను. “మామా, ఆ గాలి లెక్క ఉంది చూడు...” అన్నాను. అంతలో ఆయన కూతురు మందులు పట్టుకుని లోపలికి వచ్చింది. ఆమె ముందు చెప్పలేకపోయాను. తర్వాత చెప్తాలే మామా అన్నాను.

“తర్వాతే చెప్పు. నేనేడికి పోతా” అన్నాడు.

రెండు వారాల తర్వాత మైకులో ఆయన పూర్తి పేరు విన్నాను.

ఖననం అయిన నాలుగో రోజు ఒక ఉత్తరం రాసి, రెండు గాలిపువ్వులూ జతచేసి ఆఫీసుకు పోయాను. అక్కడి మనిషి మర్యాదగానే కుర్చీ వేశాడు, మొత్తం చదివాడు. “షెడ్డు లేదు, మనిషీ లేడు. ఈ దిద్దుబాటు ఇంకెవరికోసం మేడం?” అన్నాడు. ఫైల్లో పెట్టండి అన్నాను. పెట్టాడు. హెడ్మిస్ట్రెస్‌కు ఒక కాపీ ఇచ్చాను. ఆమె తూర్పు రేకును చూసి, కిటికీలోంచి రోడ్డు వైపు చూసి, “అటు అంటే మన చేతిలో లేదు కదా మేడం” అంది. పడమర అన్నప్పుడు అది అందరి చేతుల్లోనూ ఉండింది.

కాశమ్మక్క ఇంటికి పోయి చెప్పాను. ఆమె మొహం కడుక్కుంటోంది. పొడి చెవుల వెనక కూడా ఉంది.

“ఇప్పుడు చెప్తే ఏమొస్తది పాపా” అంది తుడుచుకుంటూ. “మామ పోయినాడు. నాకు దగ్గొచ్చింది.”

చివరికి అత్త దగ్గరికి పోయాను. ముందు పోవాల్సిన చోటికి చివర పోయాను. ఆమె ఇద్దత్‌లో ఉంది, భర్త పోయాక నాలుగు నెలలు దాటేదాకా గడప దాటదు. చాట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఫైలు, గంటలు, తొమ్మిదింటి ఎండ, నవంబరు నుంచి తెలిసి ఉండటం. ఆమె ఏరడం ఆపలేదు.

“తెలుసులే” అంది.

నాకు అర్థం కాలేదు.

“వానలు పోయినాక ఒక పొద్దున నన్ను బడికాడికి తీసకపోయినాడు. ఆయాసం. రెండు చోట్ల కూచున్నాడు. బళ్లో కానుగ చెట్టు ఉంది చూడు, అది చూపించినాడు. ‘చూసినావా’ అన్నాడు. చూసినా అంటిని. పోయి పిల్లకు చెప్పరాదా అంటిని.” ఒక రాయి ఏరి పక్కన పడేసింది. “‘అది లెక్కల మనిషి, దానంతట అదే కనుక్కుంటది. మనం చెప్తే సిగ్గుపడతది’ అన్నాడు. ‘కనుక్కుని వచ్చి చెప్తదిలే’ అన్నాడు.”

నేను ఆయన కంటిని తీసేసుకున్నాననుకుని నెలల తరబడి కుమిలిపోయాను. ఆయన కన్ను ఆయన దగ్గరే ఉంది. నాకోసమే మూసుకున్నట్టు కూర్చున్నాడు.

“నువ్వు వచ్చి పోయినప్పుడల్లా, ‘ఇయ్యాల కూడా చెప్పలే’ అనేవాడు” అంది అత్త. నా మొహం చూసి చాట పక్కకు జరిపింది. “కోపం కాదమ్మా. కోపం ఉంటే నాకు చెప్పేవాడు. ఎదురుచూసినాడు, అంతే.”

తర్వాతి రోజు వంట ఆపేసి, ఎనిమిదింటికి బడికి నడిచి పోయాను. కానుగ చెట్టు వాకిట్లో ఉంది. పదేళ్లుగా దాని ముందు నుంచే పోతున్నాను. తూర్పు వైపు కొమ్మలన్నీ బూడిద రంగు. ఆకు ఆకుకూ పొడి అంటుకుని, రాతితో చెక్కినట్టు ఉన్నాయి. పడమటి వైపు కొమ్మలు నూనె రాసినట్టు పచ్చగా మెరుస్తున్నాయి. ఎవరో నిలువునా గీత గీసి రెండుగా పంచినట్టు ఉంది చెట్టు. వానలు దాన్నంతా ఒకసారి కడిగేసే ఉంటాయి. ఆ వానలకు ముందే మామ షెడ్డు మూతపడింది. ఆయాసంతో రెండు చోట్ల కూర్చుని వచ్చి ఆయన చదువుకున్నది ఇది.

రోడ్డు అవతల లారీ ఒకటి నింపుతున్నారు. పొడి లేచి, కాస్త ఆగి, మెల్లగా ఇటువైపు కదిలింది. గంట కొట్టారు. పిల్లలు ఆ చెట్టు కిందికి వచ్చి వరసలు కట్టారు. టీచరమ్మ సైగ చేయగానే అందరూ తూర్పుకు ముఖం పెట్టి, నోళ్లు బార్లా తెరిచి, ప్రార్థన ఎత్తుకున్నారు.